ఎడమచేతి తాంబూలం

నమోదు 1

డాక్టరు సులోచనమ్మ బావిలోకి దిగే ప్రతి మనిషినీ రోజూ ఏదో ఒకటి నమోదు చేయమంది. లోపల ఉన్నది బయటపెడితే బాగా నిద్ర పడుతుందట. నా నిద్రకేం లోటు లేదు. అయినా ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు కొత్తఖనిలో ఎవరూ లేరు కనుక మొదలుపెడుతున్నాను. రాయడం లేదు, మాట్లాడుతున్నాను, యంత్రం రాసుకుంటోంది. రాయాలంటే బద్ధకం, అంతకంటే ఏం లేదు.

పేరు నర్మద. పని మంచు కోయడం. మా కాలిస్టో చందమామ మీద అంతకంటే చెప్పుకోదగ్గ పని లేదు. ఆ మంచే మాకు నీళ్ళు, ఆ నీళ్ళే గాలి. ఆకాశంలో గురుగ్రహం ఒకేచోట కదలకుండా కూర్చుని ఉంటుంది, మేం గురువుగారంటాం. రోజూ ఆయన ఎదుటే తాడుకు వేలాడే డోలీ ఎక్కి మంచుబావిలోకి దిగుతాం, ఆయన ఎదుటే పైకి వస్తాం. లోపలున్నంతసేపూ కోతమిషను చేతుల్లో గడగడలాడుతూనే ఉంటుంది. పైకి వచ్చాక కూడా ఆ వణుకు మోచేతుల దాకా కాసేపు మిగిలే ఉంటుంది. అందరికీ అంతే.

డోలీని దించేది, ఎత్తేది ఓదెలన్న. నాకంటే బాగా పెద్దవాడు. ఒకప్పుడు ఆయన కూడా మంచు కోసినవాడే. తర్వాత బావి గట్టున అద్దాల గదిలో కుర్చీ ఇచ్చారు. కుర్చీకి కుడిపక్కన బ్రేకు కడ్డీ. ఆ పని ఒకసారి యంత్రానికి అప్పజెప్పి చూశారు. మంచు కదిలే బావిలో తాడు ఎప్పుడు వదలాలో ఎప్పుడు పట్టాలో దానికి అంతుబట్టలేదు. మళ్ళీ మనిషినే కూర్చోబెట్టారు.

ఇక్కడ మనిషి బరువు తక్కువే గానీ బావి లోతు ఎక్కువ. తాడు జారితే మెల్లగా మొదలై గట్టిగానే తగులుతాం. డోలీ ఎక్కిన ప్రతిసారీ జరీనా ఈ మాట అంటుంది. జరీనా నా పక్కన నిలబడి కోసే మనిషి. నాకున్న స్నేహితురాలు ఆమె ఒక్కతే, ఒక్కతే చాలు.

నమోదు 2

తాలీం అనే మా కుస్తీ ఆట గురించి చెప్పకుండా నా గురించి చెప్పడం కుదరదు.

షిఫ్టు అయ్యాక ఎవరి గదిలో వాళ్ళు తలుపేసుకుని చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుంటారు. ఎదురుగా ఎర్రమట్టి గోదా, గోదాలో ఒక మనిషి. కుస్తీపట్లు, గుద్దులు, తన్నులు, అన్నీ చెల్లుతాయి. నొక్కే మీటలేం ఉండవు. నా పిడికిలి ఎంత బిగిస్తే గోదాలో నా బొమ్మ పిడికిలి అంతే బిగుస్తుంది. భూమ్మీద వాళ్ళతో ఆడే వీలు లేదు. నేనిక్కడ గుద్దిన గుద్దు అక్కడివాడికి ముప్పావుగంటకు తగులుతుంది, వాడు కాచుకున్నాడో లేదో నాకు తెలిసేసరికి నేను తిని పడుకుని ఉంటాను. అందుకని మా ఊరివాళ్ళం మాలో మేమే కొట్టుకోవాలి.

ఎవరికి ఎవరిని జతచేయాలో చూసే యంత్రాన్ని మేం పేరయ్య అంటాం. పెళ్ళిళ్ళ పేరయ్యే, కాకపోతే ఈయన కుదిర్చేది కొట్లాటలు. వయసు చూడడు, మొగా ఆడా చూడడు, చుట్టరికం చూడడు. ఒక్కటే చూస్తాడు, సమ ఉజ్జీ. నేను నాలుగు ఆటలు గెలిస్తే నాకంటే గట్టివాళ్ళను తెస్తాడు, నాలుగు ఓడితే మెత్తటివాళ్ళను తెస్తాడు. సగం గెలిచి సగం ఓడే జోడీ దొరికేదాకా ఊరుకోడు.

ఎదుటివాళ్ళను పరాయి అంటాం. పరాయి ఎవరో అడగకూడదు, తెలిసినా చెప్పకూడదు. పేరు ఉండదు, గొంతు ఉండదు, ఒడ్డూ పొడుగూ అందరికీ ఒకటే. నేను పుట్టకముందు గోదాలో ఓడిన ఒకాయన తనను ఓడించినవాణ్ణి మెస్సులో పోల్చుకుని పళ్ళెంతో దవడ పగలగొట్టాడట. ఆట గొడవ అన్నం దగ్గరికి రాకూడదని అప్పట్నుంచి ఈ నియమం పెట్టారు. తప్పినవాళ్ళకు మళ్ళీ తాలీం ఉండదు, బతికున్నంతకాలం.

నాకు ఈ నియమం ఇష్టం. ఈ ఊళ్ళో నన్ను ఎరగనివాళ్ళు లేరు. మా అమ్మ ఎలా పోయిందో, నేను ఎవరితో కాపురం వద్దనుకుని వచ్చేశానో, జీలకర్ర పడదన్న సంగతితో సహా అందరికీ తెలుసు. గోదాలోకి దిగాక నేనెవరి కూతుర్నీ కాదు. ఎవరో తెలియని మనిషి నన్ను కిందపడేసి, నేను లేచేదాకా ఆగుతుంది. అంత హాయి నాకింకెక్కడా లేదు.

ఆట అయ్యాక ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు తాంబూలం ఇవ్వాలి. రెండు ఆకులు, ఒక వక్క. గెలిచినవాళ్ళు కళ్ళకద్దుకోవాలి. మొదట ఇక్కడికి వచ్చిన పెద్దవాళ్ళు పట్టుబట్టి ఆటలో పెట్టించారట. తమలపాకు నేను ఆటలో తప్ప చూడలేదు. ఈమధ్య ఓడినప్పుడు నేను రెండు చేతులతో ఇస్తున్నాను. మర్యాద కాస్త ఎక్కువైతే వచ్చే నష్టమేం లేదు.

నమోదు 5

చాలాకాలంగా పేరయ్య నాకు ఎక్కువగా ఒకే పరాయిని తెస్తున్నాడు. ముఖం లేకపోయినా ఆడే తీరు దాగదు. ఈ పరాయి నిదానం మనిషి, మగవాడే అనిపిస్తుంది. ముందు కొట్టడు. నేను ఎగబడేదాకా ఆగి, వచ్చిన చేతిని మణికట్టు దగ్గర పట్టేస్తాడు. ఆ పట్టు పడిందంటే ఇక విడిపించుకోవడం నావల్ల కాదు. మొదట్లో నాకు కోపం వచ్చేది, తర్వాత ఆ పట్టు కోసమే ఎదురుచూసేదాన్ని. నేను కిందపడితే రెండడుగులు వెనక్కి వేసి నిలబడతాడు. మంచి మనిషే అయి ఉంటాడు.

ఈరోజు నేను గెలిచాను. ఆయన తాంబూలం ఇచ్చాడు. ఎడమచేత్తో.

కాసేపు నేను చెయ్యి చాపలేదు. ఎడమచేత్తో డబ్బివ్వం, అన్నం పెట్టం, నచ్చనివాళ్ళకు కూడా ఏదీ అందివ్వం. అలాంటిది తాంబూలం. ఓడినందుకు ఉక్రోషం ఉంటే ఆటలో చూపించాలి గానీ ఇదేం పద్ధతి. ఆకులు అందుకుని, కళ్ళకద్దుకోకుండా గోదాలో పడేసి వచ్చేశాను.

జరీనాకు చెప్పాను, పరాయి అనే చెప్పాను. ఆమె నా సూటు కాలరు క్లిప్పు పెడుతోంది. ఈమధ్య నా కాలరు బిగించడం ఆమె పనైపోయింది. ఆమెకు సరదా, నేను కాదనడం లేదు.

"ఏదో పరాకుల ఇచ్చిండొచ్చు తియ్యి," అంది. "గింతదానికి మొఖం గట్ల పెట్టినవేందే?"

"తాంబూలం పరాకుల ఇస్తరా? నువ్విస్తవా?"

"నేనైతే ఓడిపోను గద," అంది. ఆమెతో ఏం మాట్లాడతాం.

నమోదు 6

ఈరోజు మళ్ళీ అదే పరాయి. నిన్నటి మంట చల్లారలేదు. పనిగట్టుకుని కుడిపక్కనే కొట్టాను, ఎక్కువ కాళ్ళతో. ఈమధ్య నాకు చేతులకంటే కాళ్ళే బాగా పలుకుతున్నాయి. ఆయన మణికట్టు పట్టు పట్టబోయాడు, పట్టు జారింది. మళ్ళీ పట్టాడు, మళ్ళీ జారింది. నేను అందిన అవకాశం వదల్లేదు. గెలిచాను.

అప్పుడు చూశాను. ఆయన ముందు కుడిచేత్తోనే ఆకులు తీశాడు. ఆకులు వేళ్ళ మధ్యనుంచి జారి మట్టిలో పడ్డాయి. వంగి మళ్ళీ కుడిచేత్తోనే తీయబోయాడు. వేళ్ళు ముడుచుకోలేదు. తలొంచుకుని అలాగే కాసేపు ఉండి, చివరికి ఎడమచేత్తో తీసి ఇచ్చాడు. కింద ఎడమచేతికి ఆసరాగా కుడిచేతిని పెట్టాడు, మర్యాద తప్పకూడదని.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆకులు కళ్ళకద్దుకున్నాను, అద్దుకున్నట్టు ఆయన చూడాలని చాలాసేపు అలాగే ఉంచాను. కళ్ళద్దాలు తీశాక మంచం మీద కూర్చుని ఏడ్చాను. నిన్నంతా ఆయన్ని ఎన్ని మాటలు అనుకున్నానో.

నమోదు 9

డోలీ ఈరోజు అడుగుకు చేరేముందు కుదిపింది. ఎప్పుడూ ఆకు రాలినట్టు ఆగేది, ఈరోజు తాడు కాస్త జారి, టక్కున పట్టుకుంది. లోపల నిలబడ్డ ఎనిమిదిమందిమీ ఒకరిమీద ఒకరు పడ్డాం. "ఓదెలన్న నిద్రవోతుండు," అని జరీనా నవ్వింది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రోజూ మెస్సులో అందరి చేతులూ చూస్తున్నాను. చూడకూడదు, పరాయిని వెతకడం తప్పని తెలుసు. అయినా కళ్ళు పోతున్నాయి. మాలో చెంచాతో అన్నం తినేవాళ్ళు పసిపిల్లలు, జ్వరం వచ్చినవాళ్ళు. మిగతా అందరం చేత్తో కలుపుకుని తినేవాళ్ళమే. ఈరోజు చారన్నం చెంచాతో తింటున్న పెద్దమనిషి ఒక్కడే కనిపించాడు, మూలబల్ల దగ్గర, గోడవైపు తిరిగి. ఓదెలన్న.

"ఏందన్నా, చెంచ?" అని వడ్డించే ఆవిడ అడగనే అడిగింది.

"చారు మస్తు వేడున్నది," అన్నాడు.

నేనూ అదే చారు తిన్నాను. వేడిగా ఏం లేదు. నా పళ్ళెం చేతిలోంచి జారి గోల చేస్తే అందరూ ఇటు చూశారు, ఆయన కూడా చూశాడు. కంగారులో జారిందనుకున్నాను.

నమోదు 10

ఉన్న సంగతి ఇది. మా అందరి ప్రాణాలూ పట్టుకున్న కుడిచెయ్యి పడిపోతోంది. గోదాలో ఆ చేతితో రోజూ పోట్లాడుతున్నాను గనుక నాకు తెలిసింది. ఆవలెల్లుండి పొద్దుటి షిఫ్టులో కొత్త అంతస్తు తెరుస్తున్నారు. ఇంతవరకూ ఎవరూ దిగని లోతు, కోతవాళ్ళందరం ఒకే డోలీలో.

కార్యాలయానికి వెళ్ళి చెప్పొచ్చు. ఎలా తెలిసిందంటే పరాయి నియమం తప్పానని ఒప్పుకోవాలి. నా తాలీం పోతుంది, ఆయనదీ పోతుంది, ఆయన కుర్చీ ఎలాగూ పోతుంది. అదీ అందరి ముందూ పట్టుబడి పోతుంది. ఆయనకు ఇంట్లో ఎవరూ లేరు. ఆ కుర్చీ, ఆ గోదా, అంతే. నాకు మాత్రం ఇంకేం ఉన్నాయి గనక.

పిరికిదాన్ని కాదనుకునేదాన్ని. రెండు రోజులుగా నోరు పెగలడం లేదు.

పేరయ్య మీద కూడా కోపంగా ఉంది. ఆ చేతితో ఉన్న మనిషిని నా మీదికి పంపడమేంటి? నాకంటే ఎంతో మెత్తటివాళ్ళున్నారు, వాళ్ళతో పెట్టొచ్చు కదా. ఇప్పటికీ సగం ఆటలు ఆయనే గెలుస్తున్నాడంటే నేను జాలిపడి వదిలేస్తున్నాను కాబట్టి. పేరయ్యకు చత్వారం వచ్చినట్టుంది.

నమోదు 11

ఈరోజు సాయంత్రం ఓదెలన్న గదికి వెళ్ళాను. చెప్పాల్సింది ఆయనకే ముందు చెప్పాలని తేల్చుకున్నాను. తనంతట తానే కుర్చీ దిగితే బావుంటుంది, దిగనంటే రేపు కార్యాలయానికి వెళ్ళాలి.

తలుపు తీసి, నన్ను చూసి, ఏం అడగకుండా పక్కకు తప్పుకున్నాడు. గది చిన్నది, శుభ్రంగా ఉంది. గోడకు గ్లౌజులు వేలాడుతున్నాయి. చాయ్ పెట్టాడు. నేను కుర్చీ అంచున కూర్చుని, దారిలో కూడబలుక్కున్న మాటలు మర్చిపోయాను.

గ్లాసు ఎడమచేత్తో అందించాడు. "తప్పుగ అనుకోకు నర్మదా," అన్నాడు.

అందుకున్నాను. "తప్పుగనే అనుకున్న అన్నా. ఆకులు కింద పారేసిన గద ఆ రోజు," అన్నాను. నియమం ఆ మాటతో అయిపోయింది. మా ఇద్దరికీ తాలీం అయిపోయింది.

ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు. ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు.

"నువ్వేనని నాకెప్పుడో ఎర్కనే," అన్నాడు. "తన్నే ముందు ఎడమ బుజం దించుతవ్. డోలి ఎక్కేటప్పుడు గూడ గట్లనే దించుతవ్. అద్దాల గదిలకెళ్లి రోజు సూస్తనే ఉంట."

"అయితే నేనెందుకొచ్చిన్నో గూడ ఎర్కయే ఉంటది."

"ఎల్లుండి దింపుడు గురించి."

"చెయ్యి ఎప్పటి సంది గిట్లైంది?"

"ఆర్నెల్లు దాటింది. ముందుగాల తిమ్మిరి లెక్క ఉండె. తర్వాత బొత్తాలు పెట్టుకోరాలె. గిప్పుడు కడ్డి పట్టుకున్ననో లేదో కండ్లతోటి సూసుకుంటె గని తెలుస్తలేదు." కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. "కోతమిషను పట్టినోళ్ళకు వస్తది గిది. నేను పట్టింది తక్కువేం గాదు."

"ఎనిమిది మంది ఉంటరన్నా డోలిల. చెప్పాలె గద?"

గట్టిగానే అన్నాను. ఆయన తలూపాడు. తర్వాత చాలా మెల్లగా అడిగాడు.

"నర్మదా, పేరయ్య ఎవలికి ఎవల్ని కలుపుతడు?"

"సమ ఉజ్జీని."

"నా చెయ్యి పడిపోవట్టి ఆర్నెల్లాయె. నేను దిగిపోతుంటె నా జోడి గూడ మారాలె గద. మెత్తటోళ్ళు రావాలె. రోజు నువ్వే వస్తున్నవ్."

"నేను జాలిపడి వదిలిపెడుతున్న," అన్నాను. అంటుండగానే ఆ మాట నాకు నచ్చలేదు. పరాయి ఆయనేనని తెలిసింది మొన్న. చెయ్యి సంగతి తెలిసింది అంతకు మూడు రోజుల ముందు. అంతకుముందు నెలల తరబడి దేనికి జాలిపడ్డాను?

"తాంబూలం రెండు చేతులతోటి ఇయ్యవట్టి ఎన్నాళ్ళాయె?"

నేను గోడకున్న గ్లౌజులవైపు చూశాను.

"కాలరు జరీనా పెడుతది. రోజు సూస్తున్న. మొన్న పళ్ళెం పడ్డది." ఆగాడు. "గా చాయ్ ఏ చేత్తోటి తీసుకున్నవో సూడు."

చూశాను. గ్లాసు నా ఎడమచేతిలో ఉంది. పెద్దవాళ్ళు ఏదిచ్చినా కుడిచేత్తో అందుకోవాలని మా అమ్మ నాకు మాటలు రాకముందే నేర్పింది. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది, వేళ్ళు సగం ముడుచుకుని. ఎప్పటినుంచి అలా ఉందో నాకు తెలియదు. ముడవమని చెప్పాను. కాస్త ముడుచుకుని ఆగిపోయింది.

పేరయ్యకు చత్వారం రాలేదు. ఆయనతో పాటు నేనూ ఒక్కో మెట్టూ దిగుతున్నాను, ఇద్దరం కలిసి దిగుతున్నాం గనుక దిగుతున్నట్టు తెలియలేదు. రాయడానికి బద్ధకం కాదు. కాళ్ళమీద ఇష్టం కాదు. ఆ చేత్తో నేను కోతమిషను పట్టుకుని నిలబడుతున్నాను, జరీనాకు మూరెడు దూరంలో.

భయం వేసింది. తర్వాత కోపం వచ్చింది. "తెలిసి గూడ నాకు చెప్పలేదేందన్నా? మిషను జారితే జరీనా ఏమైతది?"

"చెప్తె నా సంగతి గూడ బైటపడ్తది గద," అన్నాడు. "కుర్చి పోతదని భయమైంది. రోజు రేపు చెప్త అనుకున్న. నువ్వు మిషను పట్టుకుని లోపటికి దిగినంక పైకొచ్చేదాక నా పానం నా తాన లేకుండె."

తిట్టాలనుకున్నాను. కానీ మొన్నటినుంచి నోరు మూసుకుని నేను చేస్తున్నదీ అదే పని. ఇద్దరం చాయ్ తాగాం, చల్లారిపోయింది.

"నేనొక్కన్ని పోలేను నర్మదా," అన్నాడు చివరికి. "కాళ్ళు వస్తలేవు."

"ఒక్కనివెందుకు పోతవ్," అన్నాను.

నమోదు 12

నిన్న రాత్రే ఇద్దరం కార్యాలయానికి వెళ్ళి అంతా చెప్పేశాం. రేపటి దింపుడు వాయిదా వేశారు. అద్దాల గదిలో ఇవాళ్టి నుంచి ఓదెలన్న దగ్గర పని నేర్చుకున్న లచ్చక్క కూర్చుంటోంది. తాలీం నుంచి మా ఇద్దరి పేర్లూ తీసేశారు. గ్లౌజులు అప్పజెప్పేటప్పుడు అందరి ముందే ఏడ్చాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు. జరీనా నిన్నట్నుంచి నాతో మాట్లాడటం లేదు. పొద్దున మాత్రం వచ్చి, ఒక్క మాటైనా అనకుండా నా కాలరు క్లిప్పు పెట్టి వెళ్ళిపోయింది. బావిలోకి దిగనిదానికి కాలరెందుకని నేనూ అడగలేదు.

డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్ళాం. సూదితో వేళ్ళమీద గుచ్చుతూ, తెలుస్తోందా అని అడుగుతూ పోయింది. కొన్నిచోట్ల తెలిసింది. నరాలు మళ్ళీ పలుకుతాయో లేదో ఏడాది ఆగితే గానీ చెప్పలేనంది. ఆమె మమ్మల్ని తిట్టలేదు, దాంతో ఇంకా భయం వేసింది.

చివర్లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. "ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోండ్రి. కుడిచేతులు. ఎంత బలముంటే అంత గట్టిగ," అంది.

ఇన్నాళ్ళుగా ఈ మనిషి నన్ను ఎన్నిసార్లు మణికట్టు దగ్గర పట్టుకుని పడేశాడో లెక్కలేదు. నిజంగా ఆయన చెయ్యి తగలడం ఇదే మొదలు. గరుకుగా, నేననుకున్నదానికంటే చిన్నగా ఉంది. ఆయన నా కళ్ళలోకి చూశాడు. నేను పళ్ళు బిగించి, ఉన్న బలమంతా పెట్టి పట్టుకున్నాను. ఆయన మెడ నరాలు కూడా పొంగడం చూశాను.

డాక్టరమ్మ కాసేపు మా చేతులవైపు చూసింది.

"ఊఁ," అంది, "ఇగ పట్టుకోండ్రి."